కాచుకున్న గంటలకు కూలి ఏదీ?

తెనాలి యార్డు నిమ్మకాయలైనా, రేపల్లె, బాపట్ల వైపు రొయ్యలైనా దూరప్రాంతాలకు పోయేది ఎక్కువగా రాత్రి లారీల్లోనే. డ్రైవరు మధ్యాహ్నమే వచ్చి లోడు కోసం కాచుకుంటాడు. రాత్రంతా బండి నడిపి, తెల్లవారాక సరుకు దించేదాకా మళ్లీ కాచుకుంటాడు. బండి వదిలి పోలేడు, కునుకు తీయలేడు. చేతికొచ్చేది మాత్రం ట్రిప్పు డబ్బులు, బత్తా. వ్యాపారి హాల్టింగు చార్జీ ఇచ్చినా అది యజమాని జేబు దాటి రావడం అరుదు.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అంది, దూరప్రయాణాల్లో 10 గంటలకు ఒప్పుకుంది. టెర్మినల్ దగ్గర ఊరకే ఉన్న సమయాన్ని మాత్రం 15 నిమిషాల లోపైతేనే పనిగంటల్లో చేర్చింది! పైగా అది అయిదుగురు, అంతకు మించి పనివారున్న సంస్థలకు రాసిన చట్టం. ఒకటి రెండు లారీల యజమానులు మన బంధువుల్లోనే ఎందరు లేరు?

ఫిఖహ్ ఈ సంగతిని వేరుగా చూసింది. ఒక్కరికే నియమితుడైన పనివాడు 'అజీరె ఖాస్'. అతడు హాజరై సిద్ధంగా ఉంటే, యజమాని పని చూపకపోయినా ఆ కాలానికి ఉజ్రత్ ఇవ్వవలసిందేనని హనఫీ ఉలమా తేల్చారు. ట్రిప్పు లెక్క కదా అని కొందరు తప్పించుకుంటారు. నెలల తరబడి ఒకే యజమాని బండి నడిపేవాడు అజీరె ఖాస్ కాడని ఎలా అంటాం?

లారీలున్న సోదరులారా, కాచుకున్న గంటలను చీటీ మీద రాయించండి, గంటకింత అని బండి కదలకముందే మాట్లాడుకోండి. లోడు ఆలస్యమైతే వ్యాపారిని అడగవలసింది మీరు, నిద్రలేని డ్రైవరు కాదు.