వాడని సరుకుకు ఓటు వేయడమెట్లా?



'అంకుర సంస్థ' అనే మాట పత్రికల పుణ్యమా అని మన వాడుకలోకి వచ్చింది. మంచి మాటే. అంకురానికి కావలసినది నీరు, ఎండ, కొంత ఓపిక. మన కుర్రవాళ్ళు మాత్రం మొలక తల ఎత్తీ ఎత్తకముందే దానికి ఊరేగింపు చేయాలని తహతహలాడుతున్నారు. ఆ ఊరేగింపు జరిగే వీధి పేరు ప్రాడక్ట్ హంట్.

తెలియని మిత్రుల కోసం నాలుగు ముక్కలు. కొత్తగా వచ్చిన సాఫ్టువేర్లను ఒకరికొకరు చూపుకోవడం కోసం 2013లో ర్యాన్ హూవర్ అనే ఆయన అమెరికాలో ఒక ఈ-మెయిలు జాబితాగా దీనిని ఆరంభించాడు. అది పెరిగి సైటు అయింది. 2016లో ఏంజెల్‌లిస్ట్ అనే సంస్థ దానిని కొన్నది. పసిఫిక్ కాలమానం ప్రకారం అర్ధరాత్రి దాటిన నిమిషానికి ప్రతిదినమూ కొత్త పట్టిక మొదలవుతుంది. చూసినవారు ఓటు వేస్తారు, వ్యాఖ్య రాస్తారు. వాటిని బట్టి ఆనాటి వరుస తేలుతుంది. మనకది అమెరికావారి వేసవిలో మధ్యాహ్నం 12:31, చలికాలంలో 1:31. సరిగ్గా విస్తరి ముందు కూర్చునే వేళ.

నా దగ్గర పదో తరగతి దాకా తెలుగు చదివి, ఇప్పుడు హైదరాబాదులో ఇద్దరు స్నేహితులతో కలిసి చిన్న సంస్థ నడుపుతున్న అబ్బాయి ఆమధ్య వాట్సాపులో రాశాడు. "మాస్టారూ, పాదాభివందనాలు. ఫలానా రోజున మా లాంచి. ఈ లంకె నొక్కి, ఖాతా తెరిచి, ఒక ఓటు వేయగలరు. అమ్మగారిచేత, పిల్లలచేత కూడా వేయించగలరు." అంతే. సరుకేమిటో సందేశంలో లేదు. ఫోను చేసి అడిగితే చెప్పాడు. చిన్న ప్రైవేటు బడుల వ్యాను ఎక్కడిదాకా వచ్చిందో తల్లిదండ్రులకు ఫోనులో తెలిపే ఏర్పాటట. ఆలోచన బాగున్నది. రెండేళ్ళ శ్రమ, తండ్రి రిటైర్మెంటు డబ్బులో కొంత భాగం అందులో ఉన్నాయి. అయినా నేను ఓటు వేయలేదు. ఈ వాదమంతా అందుకే.

మొట్టమొదట, ఆ వేదికే ఈ పని కూడదంటున్నది. ఓటు వేయండని అడగవద్దు, వచ్చి చూసి అభిప్రాయం చెప్పండని అడగండి అన్నది వారి నియమం. అనుమానాస్పదమైన ఓట్లను లెక్కలోంచి తీసివేస్తామనీ చెప్పుకున్నారు. అంటే నావంటి వృద్ధుడు ఆనాడే ఖాతా తెరిచి, ఒక్క ఓటు వేసి, మళ్ళీ ఆ గుమ్మం తొక్కకపోతే, ఆ ఓటు అబ్బాయికి మేలు చేయకపోగా చేటు చేయవచ్చు. ఇంత చిన్న సంగతి తెలియనివాడు కాడు. "అందరూ అడుగుతున్నారు మాస్టారూ, మేమొక్కరమే మడి కట్టుకొని కూర్చుంటే వెనుకబడిపోతాం" అన్నాడు.

పరీక్ష హాలులో చీటీ పట్టుబడినప్పుడు నేను ఏళ్ళ తరబడి విన్న సమాధానమిదే. అయితే బడిలో చీటీ పెట్టినవాడు మోసగించేది మమ్మల్ని. ఇక్కడ పరీక్ష పెట్టుకున్నదీ తానే, రాసేదీ తానే, తన సరుకు ఎవరికైనా పనికివస్తుందో లేదో తెలుసుకోవలసినదీ తానే. మేనమామలూ, పాత మాస్టార్లూ, స్నేహితుల ఆఫీసువాళ్ళూ వేసిన ఓట్లతో పట్టికకెక్కితే అతనికి తెలిసేదేమిటి? తనకు బంధువర్గం పెద్దదని!

మన సాహిత్యలోకానికి ఇది కొత్త విద్యేమీ కాదు లెండి. పాత పుస్తకాలు తెరిస్తే, కావ్యం మొదలుకాక మునుపే పుటలకొద్దీ పండితాభిప్రాయాలు. ఆవిష్కరణ సభలలో పుస్తకం అట్ట తప్ప చూడని వక్తలు గంటసేపు ప్రసంగించడం మనమెరుగనిదా? కాని ఆ అభిప్రాయం కింద సంతకముండేది. బజారులో ఆ పండితుణ్ణి ఆపి "అయ్యా, ఎన్నో ఆశ్వాసం దాకా చదివారు?" అని అడిగే వీలుండేది. ఈ ఓటరు ఒక్క ముక్క రాయనక్కరలేదు. రాసేవారిలో అనేకులు రాసేదీ "లాంచికి అభినందనలు" అన్న ఒక్కటే. చదవకుండా చేతులు తట్టడానికి ఇంతకన్న సులువైన సాధనం మన సభాధ్యక్షులకు కూడా దొరకలేదు.

అబ్బాయి తన సన్నాహాల పట్టిక పంపాడు. ఎవరికి ఏ గంటకు సందేశం వెళ్ళాలి, లింక్డిన్‌లో ఎవరు ఏమి రాయాలి, పేరున్న 'హంటర్' ఎవరిచేత సరుకును ప్రవేశపెట్టించాలి (తయారుచేసినవారే పెట్టుకోవచ్చునని ఆ సైటువారే చెబుతున్నా సరే), కదిలే బొమ్మ ఏ రంగులో ఉండాలి, అన్నీ ఉన్నాయి. వ్యాను డ్రైవరు మాత్రం ఆ పట్టికలో ఎక్కడా లేడు. అసలు కిటుకంతా ఇక్కడే ఉన్నది. ప్రాడక్ట్ హంట్‌ను చూసేవారు ఎక్కువగా ఇటువంటి సరుకులు తయారుచేసేవారు, కొత్తది కనబడితే వాడి చూసే ఉత్సాహవంతులు, పెట్టుబడిదారులు. తాడేపల్లిగూడెంలో రెండో తరగతి పిల్లను వ్యాను ఎక్కించే తల్లి ఆ వీధికి రాదు. ఆమెకు అమ్మవలసిన సరుకుకు శాన్ ఫ్రాన్సిస్కో నిద్రపోయే వేళ బాజాలెందుకు?

ఆ వీధి అందరికీ దండుగ అనడం లేదు. లూమ్ అనే వీడియో సాధనం 2016లో ఓపెన్‌విడ్ అనే పేరుతో అక్కడే జనం ముందుకు వచ్చింది. 2023లో అట్లాసియన్ దానిని 97.5 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకున్నది. కాని ఆ తయారీదారులు అంతకుముందు ఓపెన్‌టెస్ట్ అని వేరొకటి నడిపి, అది సాగక, అందులో జనం నిజంగా ఇష్టపడినది వీడియో ముక్క మాత్రమేనని గ్రహించి, మిగిలినది వదిలివేశారు. పైగా ఆ సాధనం కావలసినవారు, సంగణకం ముందు కూర్చొని పనిచేసేవారు, ఆ వీధిలోనే తిరుగుతున్నారు. మనవాళ్ళు ఈ కథలోంచి ఊరేగింపును మాత్రం ఏరుకుంటున్నారు.

సన్నాహమంటే నా దృష్టిలో ముందు ఒక్క వాక్యం రాయడం. సరుకును వర్ణించే పంక్తికి అక్కడ అరవై అక్షరాలే హద్దు. (అవి ఆంగ్లాక్షరాల లెక్క. యూనికోడులో మన 'స్త్రీ' ఒక్కటే ఆరు సంకేతాలు మింగుతుందని లేఖినితో కుస్తీ పట్టిన మీకు చెప్పనక్కరలేదు.) సూత్రరచన తెలిసిన జాతికి అరవై అక్షరాలు ధారాళం. మా అబ్బాయి రాసినది, తెలుగులో చెబితే, "పాఠశాల రవాణాను విప్లవీకరించే తెలివైన సమగ్ర వేదిక". ఇందులో కర్త లేడు, కర్మ లేదు, వ్యాను అసలే లేదు. "బడి వ్యాను ఎక్కడుందో అమ్మకు ఫోనులో చెబుతుంది" అని రాయవయ్యా అన్నాను. "మరీ మామూలుగా ఉంది మాస్టారూ" అన్నాడు. మామూలుగా చెబితే నిలబడని సరుకును విశేషణాలు ఎన్నాళ్ళు మోస్తాయి?

ఆ తరువాత తయారీదారు పెట్టే తొలి వ్యాఖ్య. అక్కడ పులకింతలు అనవసరం. ఎన్ని బడులలో నడుస్తున్నది, సిగ్నలు లేనిచోట ఏమవుతుంది, పిల్లవాడు ఎక్కడున్నాడన్న సమాచారం ఇంకెవరి చేతిలో పడుతుంది, నెలకెంత? ఈ నాలుగింటికీ జవాబు రాయగలిగితే లాంచికి సిద్ధమైనట్టే. మూడో ప్రశ్నకు అతని దగ్గర ఇంకా జవాబు లేదు. పసిపిల్లల ఉనికికి సంబంధించిన విషయం అది. దానిని వదిలి బొమ్మ రంగు గురించి వారం రోజులు చర్చించారట!

మిత్రులలో ఆ పట్టికకెక్కినవారుంటే, ఆ రోజు వచ్చినవారిలో నెల గడిచాక ఎందరు ఆ సరుకును ఇంకా వాడుతున్నారో వ్యాఖ్యలో రాయండి. ఓట్ల లెక్క నాకు వద్దు.