కొత్త వైద్యం, పాత మాత్ర

నాలుగు నెలల క్రితం గుంటూరులో నాన్నకి కుడిచెయ్యి పావుగంటపాటు మొద్దుబారి, మాట తడబడి, మళ్ళీ మామూలైపోయింది. మినీ స్ట్రోక్ అన్నారు. మెడ స్కాన్ తీయించి, నాళాల్లో పూడిక పెద్దగా లేదని చెప్పి, ఆస్ప్రిన్, బీపీకీ కొలెస్ట్రాల్‌కీ మాత్రలు రాసి పంపేశారు. ఆ రాత్రే బావ ఫోను: "ఏమిటోయ్, ఇంతేనా? మీ కెనడాలో కొత్త ఆపరేషన్లేమైనా వచ్చాయేమో కనుక్కో."

నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. తీరా వెతికితే దొరికింది పాత కథ. అదీ మా మిస్సిసాగాకి రెండు గంటల దూరంలో, ఒంటారియోలో ఉన్న లండన్‌ ఊరిది.

1967లో మెదడుకి బైపాస్ మొదలైంది. నెత్తిమీది చర్మానికి వెళ్ళే రక్తనాళాన్ని, పుర్రెకి కన్నం పెట్టి, మైక్రోస్కోపు కింద లోపలి నాళానికి కుట్టడం. చూసిన సర్జన్లు ముచ్చటపడి నేర్చుకున్నారు, ఇంకొకరికి నేర్పారు. పదేళ్ళలో దేశదేశాలకీ పాకింది. దానివల్ల స్ట్రోకులు తగ్గుతున్నాయా అన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు.

తేల్చడానికి పూనుకున్నది లండన్‌లోని న్యూరాలజిస్టు హెన్రీ బార్నెట్. 1377 మందిని లాటరీ వేసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకి మందులు, రెండోదానికి మందులతోపాటు ఆపరేషన్. 1985లో ఫలితం వచ్చింది. కుట్టిన నాళాల్లో నూటికి 96 చక్కగా పారుతున్నాయి. స్ట్రోకులు మాత్రం తగ్గలేదు! మన సాఫ్ట్‌వేర్ భాషలో టెస్టు కేసులన్నీ పాస్, కస్టమర్ గోల ఎక్కడిదక్కడే. కొందరు సర్జన్లు మండిపడ్డారు గానీ, ఆ జబ్బుకి ఆ ఆపరేషన్ చాలావరకు తగ్గిపోయింది.

బార్నెట్ ఆపరేషన్లంటే పడనివాడేం కాదు. మెడ నాళం బాగా పూడుకుపోయినవాళ్ళకి దాన్ని శుభ్రం చేసే ఆపరేషన్ మేలు చేస్తుందని 1991లో చూపించిందీ ఆయన బృందమే. అంతకుముందు 1978లో, 585 మందితో చేసిన పరీక్షలో ఆస్ప్రిన్ స్ట్రోకు, మరణం ముప్పుని నూటికి 31 వంతులు తగ్గిస్తుందని చూపించిందీ వాళ్ళే.

డాక్టర్లని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. డెమో చూసి మురిసిపోవడం మన వృత్తిలో మాత్రం లేదూ? నాకు తోచేదేమిటంటే, కంటికి నచ్చిన వైద్యం ముందు పరిగెడుతుంది, లెక్క వెనక నడిచొస్తుంది. కాబట్టి "కొత్తది వచ్చిందా?" అని కాదు, "ఎంతమంది మీద, దేంతో పోల్చి చూశారు?" అని అడగాలి.

బావకి ఇదంతా చెప్పాను. ఆయనకి పెద్దగా రుచించలేదు. నాన్న మాత్రలు వేసుకుంటున్నారు. అర్ధరాత్రి ఫోను మోగితే ఇప్పటికీ నా గుండె జారుతుంది. ఆ భయంలో కొత్త వైద్యం ఎవరు చూపించినా ఎగబడతామేమో, అందుకే ఆ ప్రశ్న ఇప్పుడే రాసిపెట్టుకుంటున్నాను.