ఇరవై రూపాయల నోటు మీది దీవి

పోయిన నెల ఈ పేజీలో తేనెటీగల కాపురం సంగతి చెప్పుకున్నాం. ఈ నెల ఒక ప్రయాణం సంగతి చెపుతాను.

మీ ఇంట్లో పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు ఉంటే తీసి వెనక వైపు చూడండి. కొత్త నోటు కాదు, దాని మీద ఎల్లోరా గుహలుంటాయి. పాత నోటు మీద కొబ్బరిచెట్లు, వాటి అవతల సముద్రం కనిపిస్తాయి. ఆ బొమ్మ ఎవరో ఊహించి వేసినది కాదు. అండమాన్ దీవులలో హారియట్ కొండ అని ఒకటి ఉన్నది. 2021లో దానికి మణిపూర్ కొండ అని పేరు మార్చారు. ఆ కొండ ఎక్కే దోవలో ఒకచోట నిలబడితే నోటు మీద ఉన్నదంతా కళ్ళ ఎదుట ఉంటుంది.

మా మేనల్లుడికి పన్నెండేళ్ళు. వాడు ఆ నోటు పట్టుకుని నా దగ్గిరికి వచ్చి, “మామయ్యా, ఇక్కడికి పోవాలంటే ఎంతవుతుంది?” అని అడిగాడు.

“ఇరవై రూపాయలకు మాత్రం కాదు,” అన్నాను.

వాడు నవ్వలేదు. వాళ్ళమ్మ, అంటే మా అక్కయ్య, ఆ ఏడు చీటీ పాడింది. చేతికి తొంభై వేలు వచ్చింది. పిల్లలకు సముద్రం అవతల ఏముందో చూపిస్తానని ఆమె రెండేళ్ళుగా చెపుతున్నది. బావగారు కొట్టు మూసి రాలేరు. అక్కయ్య, పిల్లలిద్దరూ, మా అమ్మ, తోడుగా నేను. నా ఖర్చు నాది. సంక్రాంతి సెలవులలో వెళ్ళాలని నిర్ణయమయింది. లెక్క వెయ్యటం మేనల్లుడి పని.

వాడు మొదట ఓడ అన్నాడు. కాకినాడలో పుట్టిన వాడికి ఓడ మీద మోజు ఉండటం సహజమే. విశాఖపట్నం నుంచి అండమాన్‌కు ఓడ ఉన్నది, చౌక కూడాను. అయితే విశాఖకూ ఆ దీవులకూ మధ్య ఇంచుమించు పన్నెండు వందల కిలోమీటర్ల నీరు ఉన్నది. పోవటానికి రెండున్నర రోజులు, రావటానికి రెండున్నర రోజులు పడుతుంది. పైగా ఓడ రోజూ బయలుదేరదు. అక్కయ్యకు దొరికిన సెలవేమో వారం రోజులు. తీరా దీవి చేరి, కాలు కిందపెట్టి, మళ్ళీ ఓడ ఎక్కాలన్నమాట! అందుచేత కాకినాడ నుంచి చెన్నపట్నానికి రైలు, అక్కడి నుంచి విమానం అని తేల్చుకున్నాం. విమానం రెండు గంటల పైచిలుకులో దింపేస్తుంది. కాని చీటీ డబ్బులో సగానికి పైగా మింగేసింది. రానుపోను ఖర్చులు తీసేస్తే నలుగురికి ఇరవై ఎనిమిది వేలు మిగిలింది. ఐదు రోజులు గనక మనిషికి రోజుకు పద్నాలుగు వందలు. తిండి, బస, పడవలు, చూడటాలు అన్నీ అందులోనే.

అండమాన్ నికోబార్లలో దీవులు, దిబ్బలు, రాళ్ళు అన్నీ కలిపి ఎనిమిదివందల పైచిలుకు. మనుషులు ఉండేవి నలభై కూడా లేవు. మా వాడు తన నోటుపుస్తకంలో వాటిలో ఐదింటిని ఐదు రోజులకు సర్దేశాడు. ముఖ్యపట్నం పోర్టుబ్లెయిర్, 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం. హేవ్‌లాక్, నీల్ దీవులకు 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. అవీ ఉన్నాయి వాడి జాబితాలో. అడవి దోవన పోతే కనిపించే జరవా జాతి వాళ్ళు కూడా ఉన్నారు. ఆ పంక్తి నేను కొట్టేశాను. వాళ్ళ ఇంటి మీదుగా పోతూ వాళ్ళను వింతగా చూడటానికి మనకేం హక్కున్నది? వాళ్ళ ఫొటోలు తియ్యటం నేరం కూడాను.

మిగిలిన జాబితాను కొట్టేసినది మా అమ్మ.

మా అమ్మ పుట్టినది గోదావరి లంకలో. చుట్టూ నీళ్ళు, రేవు దాటితేగాని బడి లేదు, సంత లేదు. ఆమె పుస్తకం చూసి, “ఆఖరి రోజున ఎక్కడున్నాం?” అని అడిగింది.

“హేవ్‌లాక్‌లో, అమ్మమ్మా. పొద్దున్నే పడవెక్కి వచ్చి, మధ్యాన్నం విమానం అందుకుంటాం.”

“గాలి లేస్తే?”

వాడు నా వంక చూశాడు.

“రేవు దాటవలసిన వాడు ఒక పూట చేతిలో ఉంచుకుంటాడు,” అన్నది అమ్మ. “విమానం మన కోసం ఆగుతుందా? ఆ దీవి తీసెయ్యి.”

హేవ్‌లాక్‌లో రాధానగర్ అని గొప్ప ఇసుకతీరం ఉన్నది. వాడు దాని ఫొటోలు చూసి ఉన్నాడు. ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు. అయినా దీవి పోయింది. ఇక మిగిలినవి మొదటి రోజు పట్నం, రెండు రాత్రులు నీల్ దీవి, నాలుగోనాడు ఉదయమే పట్నానికి తిరుగు ప్రయాణం, ఐదోనాడు విమానం.

మొదటి రోజు దిగీ దిగగానే మమ్మల్ని ఆశ్చర్యపరచినది సముద్రం కాదు, సూర్యుడు. సాయంత్రం ఐదుంబావు కాకుండానే అస్తమించాడు! కాకినాడలో ఆ వేళకు ఇంకా ఎండ ఉంటుంది. దీనికి కారణం చెపుతాను. మన దేశమంతటికీ గడియారం ఒకటే. అది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఆ రేఖ కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది గనక మా పిల్లల ఊళ్ళో గడియారమూ సూర్యుడూ ఇంచుమించు ఒకే మాట మీద ఉంటారు. పోర్టుబ్లెయిర్ 92¾ డిగ్రీల దగ్గిర ఉన్నది. భూమి ఒక డిగ్రీ తిరగటానికి నాలుగు నిమిషాలు పడుతుంది. పదింబావు డిగ్రీలకు నలభై ఒక్క నిమిషాలు. అంత ముందుగా అక్కడ సూర్యుడు నడినెత్తికి వస్తాడు. గడియారం మాత్రం కాకినాడదే!

ఇది డబ్బు సంగతి కూడాను. బసకు ఇచ్చేది రోజుకింత. ఎనిమిదింటికి లేచేవాడు అక్కడ రెండు గంటలపైన వెలుతురు పారేసుకున్నట్టే. మేము ఐదింటికే లేచేవాళ్ళం.

ఆ మొదటి మధ్యాన్నమే సెల్యులర్ జైలు చూశాం. 1896లో మొదలుపెట్టి 1906కు కట్టారు. నడుమ ఒక గోపురం, దాని చుట్టూ బండి చక్రం ఆకుల్లాగా ఏడు వరసలు ఉండేవి. ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక వరస ముఖం ఇంకో వరస వీపును చూస్తుంది. అందుచేత ఒక ఖైదీకి మరొక ఖైదీ ముఖం కనపడదు. మేనకోడలు ఒక గదిలోకి పోయి నిలబడింది. కిటికీ దాని తలకు ఎంతో ఎత్తున ఉన్నది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను అండమాన్‌కే పంపారనీ, ఆయన తిరిగి వచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైనాడనీ నేను చెప్పాను. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారికి కూడా అండమాన్ శిక్షే పడింది.

“మన కాకినాడేనా?” అన్నది అది, గదిలోనుంచే.

తిండి మాట. పిల్లలు రాసుకున్న దానికన్నా సగానికి సగం ఖర్చు తగ్గినది ఇక్కడే. దీవిలో ఏది చౌక, ఏది ప్రియం అన్నది ఒక్క ప్రశ్నతో తేలుతుంది: అది ఇక్కడ పుట్టిందా, ఓడ మీద వచ్చిందా? ఉల్లిగడ్డలు, పప్పులు, ఆపిల్ పళ్ళు, సీసాల్లో నీళ్ళు చాలావరకు సముద్రం దాటి రావలసిందే. చేప, కొబ్బరిబోండం, అరటిపండు, బొప్పాయి అక్కడివే. నీల్ దీవిలో కూరగాయలు కూడా పండుతాయి. బజారులో చిన్న హోటలుకు పోతే అన్నం, పప్పు, ఒక కూర, చేపపులుసు పెట్టి, అన్నం మళ్ళీ అడిగినా వడ్డిస్తారు. అదే చేపను ఇసుకలో బల్ల వేసి, దీపం పెట్టి వడ్డించే చోట మూడు రెట్లు అడిగారు. మేము ఒక్కసారి మోసపోయాం, నా తప్పే.

నీల్ దీవిలో ఉండేవాళ్ళు ఎక్కువగా తూర్పు బెంగాలు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. వంట ఆవనూనెతో. మేనకోడలు మొదటి ముద్దకు ముక్కు మూసుకున్నది. మూడోపూటకు పులుసు మళ్ళీ అడిగింది. పట్నంలో మాత్రం ఇడ్డెన్లు తిన్నాం. “ఏటి కావాల బాబూ?” అని అడిగిన ఆయనది శ్రీకాకుళం వైపు. ఆశ్చర్యపడకండి. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులలో నూటికి పదముగ్గురు తెలుగు మాట్లాడేవాళ్ళు.

నీల్‌కు సర్కారు పడవలో పోయాం. ప్రైవేటు పడవలు ఇంకా వేగంగా పోతాయి, టికెట్టు చాలా ఎక్కువ. సర్కారు పడవకు రెండు గంటల పైచిలుకు పట్టింది. టికెట్లు త్వరగా అయిపోతాయి గనక ముందుగా కొనుక్కోవాలి. దీవి చిన్నది. సైకిళ్ళు అద్దెకు దొరుకుతాయి. లక్ష్మణపూర్, భరతపూర్, సీతాపూర్ అని ఊళ్ళ పేర్లు చూసి అమ్మ, “రాముడేడీ?” అని వెతికింది. ఆయన పేరిట కూడా ఊరున్నది, రామనగర్.

అక్కడ చూడవలసినది రాతి వంతెన. సముద్రం కొన్ని వేల ఏళ్ళుగా రాయిని తొలిచి తొలిచి వంతెన ఆకారం చేసింది. బెంగాలీలు దానికి హౌరా వంతెన అని పేరు పెట్టుకున్నారు. కాని అది ఎప్పుడంటే అప్పుడు చూడటానికి వీలు కాదు. ఆటు వేళ, అంటే నీరు వెనక్కు తీసినప్పుడు, రాళ్ళ మీదుగా నడిచి పోవాలి. మా వాడు పుస్తకంలో “ఉదయం 10 గంటలు, వంతెన” అని రాసుకున్నాడు. మా బస ఆయనను అడిగితే రేపు ఏడింటికి ఆటు అన్నాడు. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి రెండుసార్లు తీస్తుంది. ఏడు తరవాత మళ్ళీ ఆటు రాత్రి ఏడున్నర వేళకు. అప్పటికి సూర్యుడు పోయి రెండు గంటలవుతుంది! కనక ఉన్నది ఒక్క ఏడు గంటలే. పదింటికి పోయిన వాళ్ళు మోకాటి లోతు నీళ్ళలో, కనపడని రాళ్ళ మీద జారుతూ వెనక్కు రావటం మేమే చూశాం.

ఏడింటికి అక్కడ నీళ్ళు పోయి గుంటలు మిగిలాయి. ఒక్కొక్క గుంట ఒక్కొక్క చిన్న సముద్రం. నీలం చారల చేపపిల్లలు, సన్యాసి పీతలు, దోసకాయలాగా పడి ఉండే సముద్రజంతువు. మేనకోడలు గుంట పక్కన కూచుని గంటసేపు లేవలేదు. దానికి టికెట్టు లేదు. అది తెల్లని పగడపు ముక్క ఒకటి గుప్పిట్లో దాచుకున్నది, నేను చూశాను. పగడం ఒక జీవి కట్టిన ఇల్లు. చచ్చిన ముక్కయినా తీసుకుపోవటం చట్టరీత్యా నేరం, విమానాశ్రయంలో సంచులు వెతుకుతారు. చెప్పగానే, ఏడుపు ముఖంతోనే, ఏ గుంట పక్క తీసిందో ఆ గుంట పక్కనే పెట్టింది.

నాలుగోనాడు పొద్దున పడవలో పట్నం చేరాం. మధ్యాన్నం చాతం రేవులో బల్లకట్టు లాంటి పడవ ఎక్కి, అవతల జీపు మాట్లాడుకుని కొండ దోవ పట్టాం. ఎర్రనోటు బొమ్మ కనిపించే చోట వాడు నోటు తీసి చాచి పట్టుకున్నాడు. కొబ్బరిచెట్లు కొన్ని పెరిగాయి, కొన్ని పోయాయి. దీపస్తంభం మాత్రం ఉన్నది. అప్పటికే గాలి లేచింది. నోటు చేతిలో ఆగటం లేదు.

రాత్రంతా కిటికీలు కొట్టుకున్నాయి. తెల్లవారి ఇడ్డెన్లు తింటూ ఉంటే హోటలాయన చెప్పాడు, దీవుల మధ్య పడవలన్నీ ఆపేశారట. మా పక్క బల్ల దగ్గిర ఒక పెద్దమనిషి ఫోనులో ఎవరినో బతిమాలుతున్నాడు. ఆయన భార్యా పిల్లలు హేవ్‌లాక్‌లో చిక్కుకుపోయారు, మధ్యాన్నం విమానానికి టికెట్లున్నాయి. మా విమానమే. వాళ్ళ సీట్లు ఖాళీగా పోయాయి. అక్కయ్య తన చేతిసంచీ గట్టిగా పట్టుకుని కూచున్నది. మేనల్లుడు ఏమీ మాట్లాడలేదు. కాస్సేపటికి అమ్మమ్మ విస్తట్లో తన ఇడ్డెన ఒకటి వేశాడు.

“నాకెందుకురా?” అన్నది ఆమె.

ఇంటికి వచ్చాక లెక్క చూస్తే రెండువేల నాలుగువందలు మిగిలింది. అక్కయ్య దానిని వచ్చే చీటీలో వేసింది.

ఆటు వేళ రోజురోజుకూ ఇంచుమించు యాభై నిమిషాలు వెనక్కు జరుగుతుంది. ఎందుకో వచ్చే నెల చెప్పుకుందాం. ఈలోగా సముద్రం దగ్గిర ఉండేవాళ్ళు పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని పోయి, ఒడ్డున ఒక పుల్ల పాతి, నీరు ఎంత దూరం తీసిందో, ఎన్ని గంటలకు తీసిందో నాలుగు రోజులు రాసి పంపండి. పుల్ల గట్టిగా పాతండి.