పరీక్షలో ఫస్టొస్తే నమ్మొచ్చా?

2009 మార్చి 9. స్పెయిన్‌లోని బార్సిలోనా ట్రాక్ మీదికి ఓ తెల్ల కారొచ్చింది. ఒంటినిండా తెలుపు, అక్కడక్కడా నిమ్మపండు రంగు చారలు... అంతే. ఫార్ములా వన్ కారంటే సినిమా పోస్టర్లు అంటించిన గోడలా స్టిక్కర్లతో నిండిపోయి ఉండాలి కదా! దీనిమీద చెప్పుకోదగ్గ ప్రకటనే లేదు.

ఎలా ఉంటుంది? మూడు నెలల ముందే, అంటే 2008 డిసెంబరులో, ఆర్థికమాంద్యం దెబ్బకి హోండా సంస్థ రేసుల నుంచి తప్పుకుంది. ఇంగ్లండ్‌లోని బ్రాక్లీలో ఆ జట్టు ఫ్యాక్టరీని నమ్ముకున్న వందలమంది రోడ్డున పడే పరిస్థితి. చివరికి జట్టు పెద్ద రాస్ బ్రాన్ నామమాత్రపు ధరకి దాన్ని తీసుకుని తన పేరే పెట్టుకున్నాడు. హోండా ఇంజిను స్థానంలో మెర్సిడెస్ ఇంజిను బిగించాడు. మిగతా జట్లు జనవరి నుంచీ టెస్టింగులో తిరుగుతుంటే బ్రాన్ కారు ఆఖరి నిమిషంలో వచ్చింది. వచ్చి, ఆ వారం ముగిసేలోపే టైమింగుల పట్టికలో అందరికంటే పైన కూర్చుంది.

అభిమానులు నమ్మారా? అబ్బే! ‘పెట్రోలు తక్కువ పోసుకుని తిరుగుతున్నారు, స్పాన్సర్లకి గాలం వేస్తున్నారు’ అని తేల్చేశారు.

వాళ్లని తప్పుపట్టలేం. సీజను ముందు జరిగే టెస్టింగు సినిమా ట్రైలరు లాంటిది. ఏది చూపించాలో, ఏది దాచాలో జట్టు ఇష్టం. ట్యాంకులో పది కిలోల ఇంధనం ఎక్కువుంటే ల్యాపుకి దాదాపు 0.3 సెకన్లు పోతాయి. ఎవరు ఎంత పోశారో ఎవరూ చెప్పరు. 2001లో ప్రోస్ట్ జట్టు ఇలాగే శీతాకాలం టెస్టుల్లో మెరుపులా దూసుకెళ్లింది. సీజను మొదలయ్యాక ఆ మెరుపు కనపడలేదు. 2002 జనవరికల్లా ఆ జట్టే మూతపడింది. అది కళ్లారా చూసినవాళ్లు తెల్ల కారుని అనుమానించడంలో వింతేముంది!

అందుకే ముదురు అభిమానులు ఒక్క ల్యాపు వేగాన్ని పట్టించుకోరు. ఆపకుండా 15, 20 ల్యాపులు తిరిగినప్పుడు టైర్లు అరుగుతున్నా వేగం నిలబడిందా అని చూస్తారు. ఆ తర్వాత ఫొటోల మీద పడతారు. ముక్కు ఎలా ఉంది, పక్కభాగాలు ఎంత సన్నబడ్డాయి, రెక్క మీద పూసిన ఆకుపచ్చ రంగు ఎటు పారింది... ఆ రంగు అందం కోసం కాదు, గాలి దారి కనిపెట్టడానికి పూస్తారు. 2009లోనైతే మాట్లాడుకోవడానికి బోలెడంత సరుకు. కొత్త నిబంధనలతో ముందు రెక్క వెడల్పయింది, వెనక రెక్క ఇరుగ్గా, ఎత్తుగా తయారైంది. కారు ముందు పొలం దున్నే పలక కట్టినట్టుందని నవ్వుకున్నవాళ్లే ఎక్కువ.

అసలు కిటుకు మాత్రం రెక్కల్లో లేదు. కారు పొట్ట కింద ఉంది. వెనక చక్రాల మధ్య అడుగుభాగం పైకి వాలుగా లేస్తుంది, దాన్ని డిఫ్యూజర్ అంటారు. కింది గాలి దాన్లోంచి వేగంగా బయటికి పోతూ కారుని నేలకి పీల్చిపట్టి ఉంచుతుంది. కొత్త నిబంధనలు దాని ఎత్తుకి హద్దు పెట్టాయి. బ్రాన్, టయోటా, విలియమ్స్ జట్లు ఆ నిబంధనల మాటల్లో సందు చూసుకుని, దానిపైన మరో అంతస్తు కట్టేశాయి. ప్రత్యర్థులు గోలపెట్టారు, ఫిర్యాదులు చేశారు. ఏప్రిల్లో అప్పీలు కోర్టు కూడా అది సబబేనంది.

అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. మార్చి 29న మెల్‌బోర్న్‌లో జెన్సన్ బటన్ మొదట, బారికెల్లో రెండోవాడుగా గీత దాటారు. మొదటి ఏడు రేసుల్లో ఆరు బటన్‌వే. ఏడాది చివరికి రెండు టైటిళ్లూ బ్రాన్ జట్టుకే. డబ్బు పోసి ఆ కారుని పెంచిన హోండా మాత్రం... పాపం!

ఆ ఏడాది నవంబరులో బ్రాన్ జట్టుని మెర్సిడెస్ కొనేసింది. అదే బ్రాక్లీ ఫ్యాక్టరీ 2014 నుంచి 2021 దాకా వరసగా ఎనిమిదిసార్లు జట్ల టైటిల్ గెలిచింది. 2022 మార్చిలో బహ్రెయిన్ టెస్టుకి ఆ జట్టు తెచ్చిన కారు చూసి అందరికీ మతిపోయింది. పక్కభాగాలు దాదాపు లేనట్టే! ‘ఈసారీ వీళ్లదే’ అనుకున్నారు చాలామంది. గెలిచే స్థితిలో లేమని లూయిస్ హామిల్టన్ చెప్పినా వినలేదు. ‘వేగం దాచుకుంటున్నారు, నాటకం’ అన్నారు.

నాటకం కాదు. అడుగుభాగం నేలని మరీ గట్టిగా పీల్చేసరికి గాలి దారి మూసుకుపోయి కారు పైకి లేచేది, మళ్లీ కిందికి పడేది. వేగంగా వెళ్తున్నంతసేపూ ఇదే ఎగిరిపాటు. గాలి సొరంగంలో పరీక్షించేది 60 శాతం సైజు నమూనాని, అదీ గంటకి 180 కిలోమీటర్లకి మించకుండా. అక్కడ పెద్దగా బయటపడని జబ్బు ట్రాక్ మీద బయటపడింది. జూన్‌లో బాకు రేసు తర్వాత హామిల్టన్ నడుం పట్టుకుని కారు దిగాడు. ఆ ఏడాది మెర్సిడెస్‌కి దక్కింది ఒకే ఒక్క గెలుపు, అదీ జార్జ్ రసెల్‌ది.

మరుసటి ఏడాది మే నెలలో, మొనాకోలో, ఆ జట్టు మామూలు పక్కభాగాలకే వచ్చేసింది. ఆ వారాంతంలోనే ప్రమాదాలకి గురైన కార్లని క్రేన్లతో పైకెత్తారు. రెడ్‌బుల్ కారు గాల్లో వేలాడుతుంటే దాని అడుగుభాగం మొత్తం లోకానికి కనిపించింది. ఏ టెస్టింగులోనూ ఎవరూ చూపించనిది అదే! ఆ ఫొటోల మీద అభిమానులకే కాదు, పక్క జట్ల ఇంజినీర్లకీ చాలారోజులు పని పడింది.