కొత్త ముఖమల్లా దొంగేనా?

గద్వాల : పరాయివాళ్ల వల్లే నేరాలు పెరుగుతున్నాయన్న వాదం అమెరికా రాజకీయాలను ఊపేస్తున్నది. 2024 ఫిబ్రవరిలో జార్జియా రాష్ట్రంలో ఒక నర్సింగు విద్యార్థిని హత్యకు గురైంది. అనుమతి లేకుండా వచ్చిన వెనిజులా దేశస్థుడికి యావజ్జీవ శిక్ష పడింది. 2025 జనవరిలో ఆమె పేరిట చట్టమే వచ్చింది. కాగితాలు లేనివాడు దొంగతనం కేసులో అరెస్టయితే చాలు, నిర్బంధించాలని దాని సారాంశం. కొద్ది రోజులకే 104 మంది భారతీయులను బేడీలు వేసి సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దింపారు. ఇది హత్యకు శిక్ష కాదు, కాగితాలు లేనందుకు. ఇంతా చేసి, అలా వచ్చినవారికి శిక్షలు పడే రేటు స్థానికుల కంటే తక్కువేనని టెక్సాస్ పోలీసు రికార్డులే చెబుతున్నాయి.

ఇదంతా ఎక్కడిదో గొడవ అనుకోనక్కరలేదు. 2018 వేసవిలో పార్థీ ముఠా దిగిందని, పిల్లలను ఎత్తుకుపోతుందని సెల్‌ఫోన్లలో వదంతులు పాకాయి. ఆరుబయట మంచాలు వేసుకునే గద్వాల, వనపర్తి పల్లెల్లో జనం ఉక్కపోతలోనూ తలుపులు బిగించుకున్నారు. పార్థీలపై నేరజాతి ముద్ర బ్రిటిషువారి 1871 చట్టం వేసింది. 1952లో ప్రభుత్వం దానిని చెరిపినా జనం నోళ్లలో చెరగలేదు.

అప్పటి జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి లాఠీని నమ్ముకోలేదు. ఊరికొక కానిస్టేబులును అప్పగించి, డప్పు వేయించి, పాటలు పాడించి వదంతులు నమ్మవద్దని చెప్పించారు. ఇక్కడ ప్రాణనష్టం జరగలేదు. అదే మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రాను పిల్లల దొంగ అని కొట్టి చంపారు. జూలైలో బీదరు జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి, హైదరాబాదు ఇంజనీరు ఒకరు గుంపు చేతిలో బలయ్యారు. కృష్ణ దాటితే మనవాడూ పరాయివాడే.

పాలమూరు కూలీలు బొంబాయి, పూణేలలో కొత్త ముఖాలుగానే బతికారు. ఇప్పుడు మన వరినాట్లకు, బియ్యం మిల్లులకు బీహారు కూలీలు వస్తున్నారు. లాక్‌డౌన్‌లో, 2020 మేలో, మిల్లుల పని కోసం వారిని ఖగడియా నుంచి లింగంపల్లికి ప్రత్యేక రైలులో రప్పించారు. అవసరానికి రైలు పంపి, ఊళ్లో చిన్న దొంగతనం జరిగితే ముందుగా వాళ్ల గుడిసెలే వెతకడం ఏం న్యాయం?

తనిఖీ వద్దని కాదు. 2025లో రద్దయ్యేదాకా 1979 నాటి వలస కార్మికుల చట్టం గుత్తేదారుకు లైసెన్సు, కూలీకి ఫొటోతో పాసుబుక్కు ఉండాలనేది. ఆ కాగితం ఎందరికి ఇచ్చారో ముందు గుత్తేదారులను అడగాలి. కూలీల పేర్లు, ఊళ్లు పంచాయతీలో రాసి ఉంచితే, నేరం జరిగినప్పుడు చేసినవాణ్ణి పట్టుకోవడం పోలీసులకు సులువవుతుంది. మిగిలినవారు మరుసటి ఉదయం నాట్లకు పోవచ్చు.