తాళంచెవి ఎవరి దగ్గర?

300 గజాలు అనగానే హైదరాబాదులో రిజిస్ట్రేషన్ ఆఫీసు గుర్తొస్తుంది. బ్రిటన్‌లో అదే కొలతకు చిక్కుడు పందిరి గుర్తొస్తుంది. అక్కడి అలాట్‌మెంట్ తోటల్లో ఒక ప్లాటు పాత లెక్కన 10 రాడ్లు. అంటే 302 గజాల పైచిలుకు, మన భాషలో ఆరుంపావు సెంట్లు. ఏడాదికింతని అద్దె కట్టి, ఇంటికి కావలసిన కూరగాయలు పండించుకుంటారు. ఎండాకాలం కొత్తిమీర, మెంతికూర బాగానే వస్తాయి. గోంగూర మాత్రం ప్లాస్టిక్ డేరా వేస్తే తప్ప ఆ చలికి తట్టుకోదు.

1908 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆరుగురు ఓటర్లు కాగితం రాసిస్తే, తోటలకు స్థలం సంగతి కౌన్సిల్ పరిశీలించి తీరాలి. ఇందుకోసమే సేకరించిన నేలను మంత్రి అనుమతి లేకుండా అమ్మకూడదని 1925లో మరో చట్టం వచ్చింది. ఇంత రక్షణ ఉన్నా చాలా ఊళ్లలో ప్లాటు కోసం ఏళ్ల తరబడి వరసలో నిలబడాలి.

ఆ వరస గురించి పత్రికలు తరచూ రాస్తాయి. తోటను నడిపే మనిషి దొరకడం లేదన్న సంగతి మాత్రం వార్త కాదు. చాలా తోటలను కౌన్సిళ్లు సభ్యుల సంఘాలకే అప్పగించాయి. కార్యదర్శి, కోశాధికారి అందరూ జీతం లేనివాళ్లే. ఏటా సర్వసభ్య సమావేశంలో ఆ పదవుల మాట రాగానే అందరూ నేలచూపులు చూస్తారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకు వెళ్లినవారికి ఈ దృశ్యం కొత్త కాదు.

పని చూస్తే చిన్నదే. చలి ముదరకముందే నీళ్లు కట్టేసి పైపులు ఖాళీ చేయాలి. మరిచిపోతే లోపల నీరు గడ్డకట్టి పైపులు పగులుతాయి, వసంతంలో తొట్లు నిండవు. అద్దెలు వసూలు చేయాలి, గేటు తాళాలు చూసుకోవాలి.

అసలు కష్టం తనిఖీ. వేసవిలో ఓ శనివారం పుస్తకం పట్టుకుని ప్లాటు ప్లాటూ తిరగాలి. ఒకచోట నడుమెత్తు గడ్డి. బైండ్‌వీడ్ తీగ పక్కవారి బఠాణీల మీదికి పాకింది. ఉత్తరం రాయాలా, ఫోన్ చేయాలా? ఆ ఇంట్లో జబ్బు ఉండొచ్చు, పురుడు ఉండొచ్చు. నోటీసు పంపే ముందు ఒకసారి మాట్లాడే కార్యదర్శి ఉన్న తోటలో తగువులు తక్కువ. చట్టం ఆ నేలను కాపాడుతుంది గానీ, ఆ ఫోన్ చేసిపెట్టదు.

చివరికి ప్లాటు ఖాళీ అయితే రెండుగా చీల్చి, వరసలో ముందున్న ఇద్దరికి ఇస్తారు. ఏళ్లు ఎదురుచూసి వచ్చిన మనిషి ఆ గడ్డి చూసి బిక్కమొహం వేస్తాడు. తాళంచెవి చేతిలో పెడుతూ కార్యదర్శి చెప్పేది ఒకటే: ఈ ఏడు సగానికి నల్ల టార్పాలిన్ కప్పేసి, మిగతా సగంలో బంగాళాదుంపలు వేసుకో.