గ్రామసభ ఊళ్లో, ఊరు చెరకు తోటల్లో

గుజరాత్‌లో అతి తక్కువ జనాభా ఉన్న జిల్లా డాంగ్. 2011 లెక్కల ప్రకారం 1,764 చదరపు కిలోమీటర్లలో 2,28,291 మంది. వారిలో దాదాపు 95 శాతం ఆదివాసులే. సహ్యాద్రి కొండలు, అడవి, వాటి మధ్య విసిరేసినట్టుండే ఊళ్లు. 2013లో వఘై, సుబీర్ తాలూకాలు ఏర్పడేదాకా జిల్లా మొత్తానికీ ఆహ్వా ఒక్కటే తాలూకా. అంటే ఒక కాగితం కోసం కొండ దిగి రోజు కూలి పోగొట్టుకోవడం అక్కడి పాలనలో భాగమే.

డాంగ్ పూర్తిగా ఐదో షెడ్యూల్ ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం ప్రకారం అక్కడి పంచాయతీల అధ్యక్ష పదవులన్నీ ఆదివాసులవే. లబ్ధిదారులను గుర్తించాల్సింది గ్రామసభ. పంచాయతీ ఖర్చుకు ధ్రువీకరణ ఇవ్వాల్సిందీ గ్రామసభే. భూసేకరణకు ముందు సంప్రదించాల్సిన వ్యవస్థల్లోనూ దానికి చోటుంది. గుజరాత్ ఈ చట్టానికి నియమాలు చేసింది మాత్రం 2017లో, ఇరవై ఏళ్లు దాటాక.

నియమాలు వచ్చినా అసలు చిక్కు తీరలేదు. ఏటా దసరా, దీపావళి దాటగానే డాంగ్ ఊళ్లు ఖాళీ అవుతాయి. ముకద్దం దగ్గర అడ్వాన్సు తీసుకున్న భార్యాభర్తలు సూరత్, బార్డోలి వైపు చెరకు నరకడానికి వెళ్తారు. ఆ జంటనే 'కోయ్తా' అంటారు. కోయ్తా అంటే కొడవలి. మనిషి పేరు పోయి పనిముట్టు పేరు మిగిలిందన్నమాట. వేసవి దాకా వాళ్ల ఇల్లు తోటల పక్కన వేసుకున్న గుడిసే. జనవరి 26న ఊళ్లో గ్రామసభ పెడితే చెయ్యెత్తేదెవరు? కదల్లేని ముసలివాళ్లు, కాంట్రాక్టర్లు, కార్యదర్శి. తీర్మానం మాత్రం ఊరందరి పేరు మీద నమోదవుతుంది.

ఇప్పుడు సూరత్ ఉత్తర అంచున, తాపీ నదికి అవతల ఉన్న కోసాడ్ చూడండి. ఒకప్పుడది ఊరు. 2006లో నగరపాలక సంస్థలో కలిసిపోయింది. తర్వాత నగరంలోని మురికివాడల నుంచి తరలించిన పేదల కోసం అక్కడ వేల ఇళ్ల ఆవాస్ కట్టారు. జనం పెరిగారు, గ్రామసభ పోయింది. నగర పాలనలో అందరూ కూర్చుని లెక్క అడిగే సభ అంటూ లేదు. డాంగ్‌లో సభ ఉంది, మనుషులు లేరు. కోసాడ్‌లో మనుషులున్నారు, సభ లేదు. రెండు చోట్లా నోరు మూతబడింది శ్రమ చేసేవాళ్లదే.

1932లో బొంబాయి శాసనమండలిలో గ్రామ పంచాయతీల బిల్లుపై మాట్లాడుతూ అంబేద్కర్ అణగారిన వర్గాలకు ప్రత్యేక ప్రాతినిధ్యం ఉండాలని పట్టుబట్టారు. అధికారం ఊరికి ఇస్తే చాలదు, ఊళ్లో ఎవరి చేతికి వెళ్తుందో చూడాలన్నది ఆయన వాదన. ఆ ప్రాతినిధ్యం చట్టంలోకి వచ్చింది. ఇప్పుడు అడగాల్సింది హాజరు గురించి. కుర్చీ రిజర్వు చేసి, కుర్చీ ముందు కూర్చోవాల్సిన జనాన్ని వలసకు వదిలేస్తే అది సగం ప్రాతినిధ్యమే.

ఇది గుజరాత్ గొడవ అని తెలుగు పాఠకులు పక్కన పెట్టలేరు. పాలమూరు వలస మనకు తెలుసు. 2022లో ఏర్పడినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా విస్తీర్ణం 12 వేల చదరపు కిలోమీటర్లు దాటింది, జనాభా పది లక్షల లోపే. జిల్లా కేంద్రం పాడేరు. అప్పట్లో రంపచోడవరం వైపు వాళ్లకు కలెక్టరు ఎంత దూరంలో ఉండేవారో వేరే చెప్పాలా? 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల నిధులను రాష్ట్రాల మధ్య పంచడంలో జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం బరువిచ్చింది. తలలు లెక్కపెట్టే ఈ పద్ధతిలో దూరానికి విలువ దాదాపు లేదు.

అందుకే మూడు మార్పులు కావాలి. వలస జిల్లాల్లో ముఖ్యమైన గ్రామసభలు జనం ఊళ్లో ఉండే వానాకాలంలో జరగాలి. చెరకు సీజనులో తీర్మానం అవసరమైతే కార్మికుల గుడిసెల దగ్గరే సభ పెట్టి వారి మాట నమోదు చేయాలి. రాష్ట్రం జిల్లాలకిచ్చే నిధుల్లో దూరానికి, కొండదారికి బరువు పెరగాలి. జనం పలచగా ఉన్నంత మాత్రాన హక్కులు పలచబడకూడదు.